పొడపత్రి ఆకు, అక్క భయం

మొన్న బీపీ మాత్రల కోసం మా వీధి చివర మందుల అంగడికి పోతే, అద్దాల బల్ల మీద పొడపత్రి పొడి డబ్బాలు వరుసగా పేర్చి ఉన్నాయి. షుగరుకు మంచిదని ఒకటి చేతిలో పెట్టబోయిన అంగడాయనకు ఏం జవాబు చెప్పానో గుర్తు లేదు గానీ, ఇల్లు చేరాక కూడా చనిపోయిన మా అక్కే కళ్ల ముందు నిలిచింది.

కొర్రన్నం, జొన్న సంగటి తిని పెరిగిన మనిషి మా అక్క. పెళ్లయ్యాక ఆళ్లగడ్డ బస్టాండు ఎదుట బావ నడిపే టిఫిన్ హోటల్లో పొయ్యి దగ్గరే ఆమె కాపురమంతా గడిచింది. తనకంటూ వండుకునే తీరిక లేక, మిగిలిన బోండాలు, చల్లారిన పూరీలే తినేది. ఓపిక కోసం గంటకోసారి చక్కెర దండిగా వేసుకున్న టీ తాగేది. పదేళ్లకు ఒళ్లు బరువెక్కింది, ముఖంలో కళ పోయింది.

రెండువేల సంవత్సరం దాటిన తొలిరోజుల్లో, నేను నంద్యాలలో రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తుండగా, బావ ఆమెను తీసుకొచ్చాడు. రక్తం తీసింది నేనే, షుగరు బాగా ఎక్కువుందని చూసిందీ నేనే. బావ అటు పోగానే అక్క నా చెయ్యి పట్టుకుంది.

“అబ్బీ, ఊరికే భయమైతాంది రా. ఏం జరగలా, అయినా గుండె దడదడ కొట్టుకుంటాంది. బస్సెక్కాలంటే కాళ్లు రావు.”

“మాత్రలు మింగక్కా, అన్నీ సర్దుకుంటాయి,” అని నవ్వి, తరువాతి మనిషిని పిలిచాను.

ఆ రోజుల్లో నల్లమల నుంచి తేనె అమ్మడానికి వచ్చే ఒక పెద్దామె అక్కకు దగ్గరైంది. నమలడానికి పొడపత్రి ఆకు, భయం తగ్గేటందుకు కాచుకొని తాగడానికి సరస్వతాకు తెచ్చిచ్చి, పక్కన కూర్చుని అక్క చెప్పిందంతా వినేదట. పొడపత్రి నమిలితే చక్కెర ఇసుక మాదిరి ఉందని, టీ తాగడమే తగ్గించానని, నేను ఆళ్లగడ్డకు పోయిన రోజు అక్క సంబరంగా చెప్పింది. మాత్రలు మానిందా అని కూడా అడగకుండా, చదువుకున్నవాణ్ణన్న పొగరుతో ఆ ఆకుల మూట పెద్దామె ఎదుటే తీసి పొయ్యిలో వేశాను. అక్క మాత్రలు మానలేదని తరువాత తెలిసింది.

పెద్దామె కోప్పడలేదు. “భయపడే మనిషప్పా, ఒంటిగా ఇడవాకండి,” అని తట్ట ఎత్తుకుని వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు.

అప్పటి నుంచి ఎప్పుడు అడిగినా “బాగుండా రా” అనేది అక్క. పరీక్షలకు రావడం మానేస్తే, హోటల్లో తీరికలేదనుకున్నాను. కాలికి పుండు లేచి, అది మోకాలి దాకా పాకాక గానీ నాకు కబురు రాలేదు. వారం తిరక్కుండానే పోయింది.

నా దగ్గరకు రావాలని రెండుసార్లు చీర మార్చుకుని బస్టాండు దాకా పోయి, బస్సెక్కలేక వెనక్కి వచ్చిందని కర్మకాండలు అయ్యాక బావ చెప్పాడు. రోడ్డు దాటితే బస్టాండు.

ఆ ఆకుల్లో ఏ గుణముందో నాకు అప్పుడూ తెలియదు, ఇప్పుడూ తెలియదు. ఈ కాలం పిల్లలు దిగులుగా ఉందని, భయంగా ఉందని నోరు తెరిచి చెప్పుకుంటున్నారు. మన కాలంలో అలా చెప్పుకునే అలవాటు లేదని మన ఈడువాళ్లం అనుకుంటూ ఉంటాం. అక్క చెప్పింది. నా చెయ్యి పట్టుకుని మరీ చెప్పింది.