గుమ్మి లోపలి అరచెయ్యి

గుమ్మి అడుగున వడ్లు తీసే కంతలోంచి గుడ్డ పీకగానే పాత వడ్ల వాసన గుప్పుమంది. ఆ గుమ్మిలో వడ్లు పోసి ముప్పై ఏళ్లు దాటింది. అయినా ఎండిన పెండ, ఎర్రమట్టి, వేపాకు, గోనెసంచి కలగలిసిన అదే వాసన, ఇన్నేళ్లూ నా కోసమే లోపల కూర్చున్నట్టు ముక్కుకు తగిలింది. నేను నేలమీదే చతికిలబడ్డాను.

నిడమనూరు దగ్గర మా తాతల నాటి ఇంటిని మా తమ్ముడు సైదులు చిన్న మ్యూజియం చేశాడు. కోదాడ కాలేజీలో సివిల్ ఇంజనీరింగ్ పాఠాలు చెప్తాడు కాబట్టి, సిమెంటుతో బాగుపడనిది ఈ లోకంలో లేదని వాడి నమ్మకం. గొడ్ల కొట్టంలో నాగళ్లు, అర్రలో కుండలు, మా తాత గొంగడి, అన్నీ వరసగా పెట్టి పక్కన చీటీలు అంటించాడు. ఇసుర్రాయి మీద 'ముట్టరాదు' అని ఉంది. మా నాయనమ్మ చూసి ఉంటే "ముట్టకుంటే పిండి యాడికెల్లి వస్తదిరా" అని ఆ చీటీని పొయ్యిలో పెట్టేది.

మర్నాడు బడిపిల్లలు చూడ్డానికి వస్తున్నారు. గుమ్మి లోపల పెచ్చులు రాలుతున్నాయని సైదులు మేస్త్రిని పిలిపించాడు. నేను వెళ్లేసరికి వాకిట్లో సిమెంటు కలుపుతున్నారు.

"లోపల ఒక్క పూత పూస్తే ఇగ నూరేండ్లు కదలదక్కా," అన్నాడు.

"జర ఆగురా. లోపల నా చెయ్యి ఉన్నది," అన్నాను.

వాడు నా చేతుల వైపు చూశాడు. వాడు పుట్టేసరికి మా ఇంట్లో గుమ్మి అలకడం ఆగిపోయింది, వాడికెలా తెలుస్తుంది?

బతుకమ్మకు చేసిన నువ్వుల సత్తు ఇంకా డబ్బా అడుగున మిగిలి ఉండగానే, కాలువ కింద వరి పండబారి కోతకు తిరిగే రోజుల్లో, నాయనమ్మ గుమ్మి అలికేది. మనిషి కంటే ఎత్తు గుమ్మి, వెదురుబద్దలతో అల్లి మట్టి మెత్తింది, బొర్ర పెద్దది, మూతి చిన్నది. నిచ్చెనెక్కి తన చెయ్యి అందినంత మేర తను అలికేది. అందని అడుగుకు ఇంట్లో ఒక పిల్ల దిగాలి. ఆ పిల్లను నేను. తోటివాళ్లు అరుగు మీద గచ్చకాయలు ఆడుతుంటే, తాత రుమాలు నా చంకల కింద కట్టి, మట్టీ పెండా కలిపిన గంపతో పాటు నన్ను చేదబావిలోకి బొక్కెన దింపినట్టు దింపేవాళ్లు.

లోపల చీకటి. తలెత్తితే పళ్లెమంత వెలుగు. దగ్గితే నా దగ్గే పెద్దమనిషి దగ్గులా తిరిగొచ్చేది. భయపడి ఏడ్చేదాన్ని. అప్పుడు అడుగు కంతలోంచి నాయనమ్మ కుడిచెయ్యి లోపలికి వచ్చేది. ఆ చేతి చిటికెన వేలు సగమే. చిన్నప్పుడు పుట్టింట్లో ఇసుర్రాయి కింద పడి నలిగిపోయిందట. "ఏడువకు బిడ్డా, నేనీడనే ఉన్న," అనేది. ఆ సగం వేలిని కుడిచేత్తో గట్టిగా పట్టుకుని ఎడమచేత్తో అలికేదాన్ని. అంతా అయ్యాక కంత పక్కన తడిమట్టి మీద అరచెయ్యి అద్దమనేది. ఎందుకంటే, "వడ్లకు ఎవలింట్ల ఉన్నమో తెల్వాలె గదా," అనేది. దిగినందుకు సత్తు ముద్ద దొరికేది, ఆ మట్టిచేత్తోనే తినేసేదాన్ని.

ఇదంతా చెప్పి, సైదులు ఫోను లాక్కుని, లైటు వేసి, కంతలోంచి లోపలికి పెట్టి వీడియో తీశాను. ఇద్దరం అరుగు మీద కూర్చుని చూశాం. ఉంది. గోరుముద్ద పట్టేంత ఎడమ అరచెయ్యి, వేళ్లు బార్లా చాచి. నాకు నవ్వొచ్చింది, కళ్లూ చెమర్చాయి.

దాని పక్కనే బెత్తెడు పెచ్చు ఊడిపోయి ఉంది. ఊడిన అంచున ఏడాదికో పొర చొప్పున ఎన్నేళ్ల అలుకుడో లెక్కపెట్టలేనన్ని పొరలు. అన్నిటికంటే అడుగున, ఇక వెదురే అన్న చోట, ఇంకో అరచెయ్యి కనిపించింది. నాదంతే చిన్నది. కుడిచెయ్యి. నాలుగు వేళ్లు నిండుగా ఉన్నాయి. చిటికెన వేలు సగమే.

వీడియో అక్కడే ఆపాను.

"నాయనమ్మదా?" అన్నాడు సైదులు.

"తొమ్మిదేండ్లకే కోడలై వచ్చింది గదరా ఈ ఇంటికి."

తనూ దిగానని ఆమె ఒక్కనాడూ చెప్పలేదు. పరాయి ఇంట్లో, ఆ చీకట్లో, ఆ తొమ్మిదేళ్ల పిల్లకు కంతలోంచి ఎవరైనా చెయ్యి అందించారో లేదో ఇప్పుడు చెప్పేవాళ్లు లేరు. నేను ఏడ్చిన ప్రతిసారీ ఆమె చెయ్యి ఎందుకంత తొందరగా వచ్చేదో మాత్రం నాకు ఆ పూట తెలిసింది.

సైదులు లేచి వెళ్లి మేస్త్రితో, కలిపిన సిమెంటు కొట్టం గడపకు వెయ్యమన్నాడు. గుమ్మికి బయటి నుంచి మట్టే మెత్తుదామన్నాడు. ఇసుర్రాయి మీది 'ముట్టరాదు' చీటీ ఊడదీసి తెచ్చి గుమ్మికి అంటించాడు.

ఇప్పుడు మా ఊళ్లో వడ్లు ఇంటి మొహం చూడవు. మిషను కోస్తుంది, ట్రాక్టరు పొలంలోంచే మిర్యాలగూడ మిల్లుకు తోలుతుంది. గుమ్మి అల్లేవాళ్లు పోయారు, అలికేవాళ్లు పోయారు, లోపలికి దిగేంత చిన్నవాళ్లకు ఆ అవసరమే లేదు.

సైదులు మేస్త్రితో మాట్లాడుతుండగా నేను మళ్లీ నేలమీద కూర్చున్నాను. మోచేతి దాకా కంతలోకి చెయ్యి పెట్టి, తడుముకుంటూ పోయి, ఆ సగం వేలి గుర్తు మీద నా వేలు ఆనించాను.

"ఏడువకు బిడ్డా, నేనీడనే ఉన్న," అన్నాను.