మగ్గాలు నడుస్తుంటే ఆరిన లైటు

ఆ రోజుల్లో నాకు అద్భుతాలంటే ఒళ్ళు మండేది. దేవుడు ప్రత్యక్షమయ్యే సీరియల్ వస్తే టీవీ కట్టేసేదాన్ని. కథలో ఎవరైనా చచ్చి బతికితే పుస్తకం విసిరేసేదాన్ని. పక్కింటి వదినె కలలో అమ్మవారు కనబడిందని చెబితే "నిన్న ఏం తిన్నవ్ వదినా?" అని అడిగేదాన్ని. (ఇప్పుడు సోలాపూర్‌లో పెళ్ళి వీడియోలు తీసి, వధూవరుల నెత్తిన కంప్యూటర్లో పూలవాన కురిపించి బతుకుతున్నది కూడా నేనే. నవ్వుకోండి, ఏమీ అనుకోను.) అప్పుడు బి.ఏ. రెండో ఏడు, సబ్జెక్టు తత్త్వశాస్త్రం. కంటికి కనబడిందే నిజం, మిగతాదంతా కట్టుకథ అన్నంతవరకు పాఠం నాకు బాగా ఎక్కింది. ఆ మాటను తరవాతి పాఠాల్లో ఎవరెవరు ఎలా ఖండించారో చదివే ఓపిక లేకపోయింది. అసలు దేనికీ ఓపిక ఉండేది కాదు. నిలబడే అన్నం తినేదాన్ని, ఎదుటివాళ్ళ మాట సగంలో ఉండగానే జవాబు చెప్పేసేదాన్ని, ఊరికే మేడ మెట్లు ఎక్కి దిగేదాన్ని.

ఆ నిప్పుకు గాలి తోడైనట్టు మా కాలేజీలో ఆదివారాలు సినిమా పాఠాలు చెప్పే సర్ ఒకాయన దొరికారు. ఆయన గోడ మీద వేసి చూపించే సినిమాల్లో ఏమీ జరిగేది కాదు. ఒక ముసలాయన టీ పెట్టుకుంటాడు. అది మరిగేదాకా మనమూ కూర్చోవాలి. (నాకు నిద్ర ముంచుకొచ్చేది, అది నా బుద్ధిలో లోపమేనని సరిపెట్టుకునేదాన్ని.) "ఎవరూ నటించకూడదు. కెమెరా అక్కడ లేనట్టే బతుకు సాగిపోవాలి" అని మరాఠీలో ఎంతో మెల్లగా చెప్పేవారు. పుణెలో ఒక సినిమా కోర్సు ఉందని, అయిదు నిమిషాల సినిమా తీసి పంపితే అది చూసి సీటిస్తారని చెప్పింది కూడా ఆయనే. గడువు పది రోజులు. అమ్మ అప్పటికే బీడీ కంపెనీలో నా పేరున కార్డు రాయించే మాట ఎత్తింది. సీటు రాకపోతే నేనూ ఒళ్ళో చాట పెట్టుకుని కూర్చోవడమే. ఆ ఊహకే నా కాళ్ళు ఇంట్లో నిలిచేవి కావు.

మా ఇల్లు సోలాపూర్‌లోనే, జోడ్‌భావి పేట్‌లో. వెనకగోడకు ఆనుకునే మరమగ్గాల కార్ఖానా. పొద్దున మొదలైన ఖటఖట కరెంటు పోతే తప్ప ఆగదు. నాన్న ఇంకో కార్ఖానాలో చద్దర్లు, అంటే దుప్పట్లు నేసేవాడు. ఇంట్లో నడిమి గదిలో అమ్మ, అవ్వ (నాన్నకు అమ్మ), పక్కింటి వదినె ముగ్గురూ బీడీలు చుట్టేవాళ్ళు. నానబెట్టిన తునికాకు మీద రేకుముక్క పెట్టి కత్తెరతో దాని చుట్టూ కత్తిరించడం, చాటలోని తంబాకు కొంచెం వేసి చుట్టడం, కొస మడిచి దారం కట్టడం. చేతులు పని చేస్తుంటే నోళ్ళు ఖాళీయే కనక అవ్వ కథలు చెప్పేది. మోకాళ్ళ నొప్పులని రెండేళ్ళుగా గడప దాటకపోయినా మా ఇంట్లో అందరికంటే చురుకు ఆమెదే. కరెంటు పోతే మేం తలెత్తేలోపే "లైట్ పోయిందే" అనేది, రాగానే "వచ్చింది, బటన్లు సూసుకోండి" అనేది. ఎవరు లోపలికొచ్చినా "ఏందే, మొఖం గట్ల వాడిపోయింది?" అని పలకరించేది.

నా సినిమా వీళ్ళ మీదేనని చెప్పినప్పుడు అవ్వే ముందు అడిగింది. "నీ సిన్మాల ఏమైతది బిడ్డా?"

"ఏం కాదవ్వా. రోజు అయ్యేదే అయితది."

"మరి దేవుడు రాడా?"

"రాడు."

"అయితే ఎవలు సూస్తరే? రోజు అయ్యేది సూడనీకె తికీట్ ఎందుకు?"

దానికి సర్ నేర్పిన జవాబు నా దగ్గర ఉంది కాని మరాఠీలో ఉంది. తెలుగులో చెప్పబోతే అది జవాబులా వినబడలేదు, అందుకని కోపం తెచ్చుకుని మేడెక్కేశాను.

షూటింగ్ అనుకున్న రోజు పొద్దున గదిలో అడుగు పెట్టి తల పట్టుకున్నాను. అమ్మ పెళ్ళినాటి పట్టుచీరలో, ముఖం నిండా పౌడరుతో, చాట ముందు పెళ్ళికూతురిలా కూర్చుంది. వదినె జడలో రెండు మూరల మల్లెపూలు. "గిదేందమ్మా, రోజు గిట్లనే ఉంటవా?" అంటే అమ్మ తడుముకోకుండా "రోజు ఎవలన్న ఫోటో తీస్తరా?" అంది. న్యాయమైన మాటే, కాని నాకు న్యాయం అక్కర్లేదు, నిజం కావాలి. పట్టుచీర విప్పించి పాతచీర కట్టించాను. మల్లెపూలు తీయించాను. మూలన బూజు దులపబోతుంటే అమ్మ చేతిలో చీపురు లాక్కున్నాను. "మేము దరిద్రంగ కనవడాల్నా? గదేనా నీ సదువు?" అని అమ్మ కళ్ళలో నీళ్ళు పెట్టుకుంది. నేను చూడనట్టే ఉన్నాను. అవ్వకు భుజం వెనక జానెడు చిరిగిన చీర ఏరి తెచ్చి నేనే కట్టాను. "ఏ చీర ఇచ్చినవే?" అని అంచు తడుముతూ అడిగింది. "మంచిదే అవ్వా" అన్నాను. నిజం తీయడం కోసం నేను ఆ పొద్దున పని మొదలుపెట్టింది అబద్ధంతోనన్నమాట!

గట్టి హుకుం ఒకటి కూడా జారీ చేశాను. నేను "బస్" అనేదాకా ఏం జరిగినా ఎవరూ మాట్లాడొద్దు, నావైపు చూడొద్దు. కథ చెప్పే అవ్వకు మాత్రం మినహాయింపు. పిల్లలు తొంగి చూడకుండా తలుపు మూసి, ఫోన్లో రికార్డింగ్ మొదలుపెట్టాను. రెండు నిమిషాలు బాగానే గడిచింది. సర్ చూపించే సినిమాల్లో పైనుంచి వెలుతురు ఒక చారలా పడుతుంది. మా గదికి కిటికీ లేదు కాని పైన గవాక్షం ఉంది. ట్యూబులైటు ఆర్పేస్తే ఆ వెలుతురు అవ్వ చేతుల మీద పడుతుందని లెక్కేసుకుని, చప్పుడు చేయకుండా వెళ్ళి స్విచ్చి నొక్కాను. కటిక చీకటి! గవాక్షం చుట్టూ మసి కనబడకూడదని అమ్మ నాకు తెలియకుండా దానికి కొత్త చద్దర్ కట్టేసిందని అప్పుడు నాకేం తెలుసు? స్విచ్చి కోసం వెనక్కి తిరగబోయి ఆకుల బుట్టకు తగిలి బోర్లా పడ్డాను. అమ్మ, వదినె ఇదీ సినిమాలో భాగమే అనుకుని శ్వాస కూడా బిగబట్టారు. గోడ అవతల మగ్గాలు ఖటఖటమంటూనే ఉన్నాయి. ఇవతల అవ్వ గొంతు ఎక్కడా తడబడకుండా "అప్పుడు అమ్మవారు కుండలకెల్లి బయటికొచ్చి..." అని సాగుతూనే ఉంది. దాని కింద ఒకే ఒక్క కత్తెర కసక్ కసక్‌మంటోంది.

గోడ పట్టుకుని తడుముకుంటూ లైటు వేశాను. అమ్మ, వదినె బొమ్మల్లా ఉన్నారు, కత్తెరలు ఒళ్ళో పెట్టుకుని. అవ్వ రేకుముక్క చుట్టూ కత్తెర తిప్పడం పూర్తి చేసి, ఆ ఆకు పక్కన పెట్టి, ఇంకోటి అందుకుంది. "అయిందా? నేనస్సలు కదల్లే సూడు" అని అమ్మ మురిసిపోయింది.

ఆ మధ్యాహ్నం వదినె ఇంటికెళ్ళి, అమ్మ బీడీకట్టలు అప్పజెప్పడానికి కంపెనీకి వెళ్ళాక అవ్వ ముందు చతికిలబడ్డాను. "అవ్వా, చీకట్ల ఆకు ఎట్ల కత్తిరించినవ్?"

"ఏ చీకట్ల?"

"పొద్దుగాల నేను లైట్ బంద్ చేసినప్పుడు."

కత్తెర ఆగిపోయింది. అవ్వ ముఖం గోడవైపు తిరిగింది. "నువ్వు బంద్ చేసినవా?" అంది. "మగ్గాలు నడుస్తనే ఉండె గదనే! ఎవలో అడ్డం నిలవడ్డరు అనుకున్న."

నాకు అర్థం కావడానికి కొంత సమయం పట్టింది. ఇన్నాళ్ళూ కరెంటు పోయిందని అవ్వకు చెప్పింది కళ్ళు కాదు, గోడ అవతలి మగ్గాలు. అవి ఆగితే పోయినట్టు, మోగితే వచ్చినట్టు. వాడిపోయిన ముఖం సంగతి కూడా అంతే. మా పేటలో సాయంత్రానికి ఎవరి ముఖమైనా వాడిపోయే ఉంటుంది, కాబట్టి ఆ ప్రశ్న ఎప్పుడూ గురి తప్పలేదు. మోకాళ్ళ నొప్పులు అసలు లేనే లేవు.

"మసక మసక తెల్లగ అవుపిస్తది, గంతే" అంది అవ్వ నా చెయ్యి గట్టిగా పట్టుకుని. "ఎవ్వలికి చెప్పకు బిడ్డా. చూపు లేదని తెలిస్తె మీ అమ్మ చాట గుంజుకుంటది. చాట లేకుంటె నేనేంది? మూలకు కూసునే ముసల్దాన్ని. నీ సిన్మాల గూడ పెట్టకు."

మాటిచ్చాను. ఇచ్చినప్పటి నుంచి నాకు నిద్ర లేదు, కూర్చుంటే కుదురు లేదు. కొంతం చౌక్ దాకా నడిచి వెళ్ళి, ఎందుకు వచ్చానో తెలియక తిరిగి వచ్చేదాన్ని. చెప్పకపోతే ఆ కళ్ళు ఏమైపోతాయోనని భయం, చెబితే అవ్వ ముఖం ఎలా చూడాలోనని భయం. వాటికి తోడు సిగ్గులేని ఆశ ఒకటి, ఆ చీకటి ముక్క సినిమాలో పెడితే సీటు ఖాయమేమోనని. ఉండబట్టలేక సర్‌ను కథలా అడిగాను. చూపు లేని ముసలామె చీకట్లో కత్తెరతో ఆకు కత్తిరిస్తుంటే ఎలా ఉంటుంది సర్ అని. ఆయన నవ్వి, "మరీ సినిమాలా ఉంది. నిజం అలా ఉండదు" అన్నారు. అవ్వకిచ్చిన మాట కోసమే ఆ ముక్క తీసేశానని చాలా ఏళ్ళు అందరికీ చెప్పుకున్నాను. సగమే నిజం. మిగతా సగం ఏమిటంటే, ఎవరూ నమ్మరని భయపడ్డాను. ఆ కథ ఇంకెవరైనా రాసి ఉంటే పుస్తకం విసిరేసేదాన్ని నేనే కదా!

నెల తిరిగాక పుణె నుంచి మెయిల్ వచ్చింది. సీటు లేదు. కింద రెండు వాక్యాలు. నడిమి గదిలో అందరి ముందూ నిలబడి, కోపంతో ఊగిపోతూ తెలుగులో చదివి వినిపించాను. "ఇంటి వాతావరణం, ఇద్దరు స్త్రీలు ఎంతో సహజంగా ఉన్నారు. మధ్యలోని వృద్ధురాలు మాత్రం నటిస్తోంది, చూస్తున్నట్టు చేస్తోందే తప్ప చూడటం లేదు." చదివాక గాని నేనేం చదివానో నాకు తెలియలేదు. నాలుక కరుచుకున్నాను. అప్పటికే అవ్వ నవ్వడం మొదలుపెట్టింది. చాట ఒళ్ళో ఊగేలా, తంబాకు ఒలికేలా నవ్వింది.

"ఇంట్ల ఇంతమందున్నరు, ఒక్కలు కనిపెట్టలే. గా పుణె ఆయన ఎవలో గాని కనిపెట్టిండు!"

"ఖరేనా అత్తమ్మా, నిజమేనా?" అంది అమ్మ. జవాబు అక్కర్లేకపోయింది. అమ్మ మొదట ఏడ్చింది, తరవాత అవ్వను తిట్టింది, దాచినందుకు నన్ను తిట్టింది, రోజూ పక్కనే కూర్చుని కనిపెట్టలేని తన కళ్ళను కూడా తిట్టుకుంది. చివరికి చాట ఎత్తి అటక మీద పెట్టేసింది. అవ్వ చాట కోసం ఒళ్ళు తడుముకుని ఏడుపు మొదలుపెట్టింది. "ఏడవకు అత్తమ్మా, నేనేం గుంజుకుంటలేను" అంది అమ్మ. "ఆపరేషన్ చేయించుకో, నా చేతుల్తోనే ఇస్త. జల్దీ వస్తె జల్దీ ఇస్త."

రెండు కళ్ళకూ ఒకదాని తరవాత ఒకటి శుక్లాలు తీశారు. చాట దిగింది. మొదటి రోజే అవ్వ ఆకుకేసి చూస్తూ కత్తిరించబోయి వేలు కోసుకుంది. "సూస్తె చెయ్యి ఆగుతున్నదే" అని విసుక్కుని, ఆ రోజు నుంచి శుభ్రంగా కళ్ళు మూసుకుని బీడీలు చుట్టేది. అది చూసి వదినె అవ్వ వేళ్ళలో అమ్మవారు ఉందని పేటంతా చాటింది. ఈసారి నేను వదినెను ఏం తిన్నావని అడగలేదు.

ఇక నా సినిమా చూపించక తప్పలేదు. టీవీకి పెట్టాను. నల్లకళ్ళద్దాలు పైకెత్తి అవ్వ అయిదు నిమిషాలూ కన్నార్పకుండా చూసింది. "గీ బూజేందే? మా ఇంట్లనేనా? నా చీరకు గంత చినుగా! మంచిదే అన్నవ్ గదనే, నన్ను పుణె దాక గీ చీరల చూపిచ్చినవా?" అమ్మ నావైపు ఒక చూపు చూసింది. ఆ చూపు ఇప్పటికీ నాకు గుర్తే. సిగ్గుతో నేను ఏదో ఒకటి చేయాలని ఫోన్లో మిగిలిపోయిన ఆ ముక్క కూడా పెట్టాను. టీవీ అంతా నలుపు. ఖటఖటమంటూ మగ్గాలు, కసక్‌మంటూ కత్తెర, కుండలోంచి బయటికొస్తున్న అమ్మవారు, ఎక్కడో నేను బోర్లా పడ్డ చప్పుడు. అది అయిపోయేదాకా అవ్వ అలాగే చూస్తూ ఉంది.

"ఏం కనవడ్తలేదు గదవ్వా" అన్నాను, తీసేయబోతూ.

"గట్లనే ఉండె బిడ్డా" అంది అవ్వ. "గిదొక్కటి ఖరే తీసినవ్."

ఆ మాటకు అప్పుడు నాకు ఉక్రోషం వచ్చింది. కష్టపడి తీసిన అయిదు నిమిషాలూ పక్కకు పోయి, పొరపాటున పడిన చీకటికి మార్కులేమిటని! ఇప్పుడు అవ్వ లేదు. నేను పెళ్ళిళ్ళు తీస్తున్నాను, బూజులున్న ఇళ్ళలో బూజు కనబడకుండా, అమ్మలందరూ పట్టుచీరల్లో ఉండగా. ఫోన్లు మారినప్పుడల్లా ఆ నలభై సెకన్ల చీకటిని మాత్రం జాగ్రత్తగా కొత్తదాంట్లోకి ఎక్కించుకుంటాను. పెళ్ళికూతురి నెత్తిన పూలవాన కురిపిస్తూ విసుగొచ్చినప్పుడు అది పెట్టుకుని, కళ్ళు మూసుకుని వింటాను. అద్భుతాలంటే ఒళ్ళు మండే ఆ పిల్ల బోర్లా పడే చోటు వచ్చేసరికి ఎప్పుడూ నవ్వొస్తుంది.