గిర్ని పక్కన వకీలమ్మ గది

మొన్న మా పాత కాలనీ కమ్యూనిటీ హాల్లో ఇన్వర్టరు బిగించడానికి వెళ్లాను. హాల్లో ఉన్నవి: ఒకదానిమీద ఒకటి ఎత్తిన ప్లాస్టిక్ కుర్చీలు, చుట్టి పెట్టిన యోగా చాపలు, కాలు విరిగిన క్యారమ్ స్టాండు, ఎవరి పెళ్లికో కట్టి విప్పకుండా వదిలేసిన కాగితపు తోరణం. ఉన్నవాళ్లు: వాచ్‌మన్, అతని మనవరాలు, నేను. బ్యాటరీ పెట్టే చోటు చూపించడానికి వాచ్‌మన్ వెనుక గది తలుపు తీశాడు. సున్నం రాలిన ఆ గోడ కనబడగానే స్పానరు కింద పెట్టాను, ఒకప్పుడు మా బల్ల ఉండేది ఆ గోడ పక్కనే.

తెలంగాణ ఇంకా రాని రోజుల్లో, ఆ గదిలో ప్రతి బుధవారం పొద్దున, ఇంట్లో దెబ్బలు తినే ఆడవాళ్లకు ఉచితంగా న్యాయ సహాయం దొరికేది. మా ఊరి కోర్టులో ప్రాక్టీసు చేసే ఒక వకీలమ్మ ఫీజు లేకుండా వచ్చి కూర్చునేది. అంగన్‌వాడీ టీచరైన మా చిన్నమ్మ, ఎవరి ఇంట్లో ఏం జరుగుతోందో తెలిసిన మనిషి కాబట్టి, వాళ్లకు ధైర్యం చెప్పి తీసుకొచ్చేది. అర్జీలు టైపు చెయ్యడం నా వంతు. డిప్లొమా చదివి, ఉద్యోగం దొరకక, గోదావరిఖనిలో ఒక మోటారు వైండింగ్ షాపులో మధ్యాహ్నాలు పనిచేస్తున్నవాణ్ణి, పొద్దున ఖాళీయే.

గనుల కాలనీల్లో పెరిగిన నా ఈడు వాళ్లకు వేరే చెప్పనక్కరలేదు, మన ఇళ్లు నడిచింది గడియారంతో కాదు, షిఫ్టు షిఫ్టుకూ మోగే బొగ్గుబాయి సైరన్ కూతతో. ఏ వారం ఎవరి భర్త మొదటి షిఫ్టులో ఉంటే, అతను బాయిలోకి దిగాక ఆ వారం ఆమె మా దగ్గరకు వచ్చేది. హాలు పక్కనే పిండి గిర్ని ఉండేది. అందరూ బియ్యమో జొన్నలో డబ్బాలో పోసుకుని, గిర్నికని చెప్పి బయలుదేరేవారు. గిర్ని నడిపే చాచాకు ఎవరూ ఏమీ చెప్పలేదు, ఆయన ఎవరినీ ఏమీ అడగలేదు. డబ్బా అందుకుని "జల్దేం లేదు బేటీ, నీ పిండి యాడికి పోతది, నిమ్మలంగ రా" అనేవాడు. వెళ్లేటప్పుడు చేతిలో వెచ్చటి పిండి ఉంటే ఇంట్లో ఏ ప్రశ్నా ఉండదు.

అలా ఒక బుధవారం మా పక్క క్వార్టరు అక్క వచ్చింది. నేను తల దించుకుని కీబోర్డు తుడవడం మొదలుపెట్టాను, ఎందుకంటే ఆమె భర్తను నేను బావా అని పిలిచేవాణ్ణి, నాకు సైకిలు నేర్పింది ఆయనే, కాలనీలో ఎవరి ఇంట్లో చావైనా మొదట వచ్చి నిలబడేదీ ఆయనే. గోడ అవతల చప్పుళ్లు మాకు కొత్త కావు. వినబడినప్పుడు మా అమ్మ రేడియో గొంతు పెంచేది.

అక్క కోరింది చిన్నది. ఆయన జైలుకు పోకూడదు, ఉద్యోగం పోకూడదు, ఆయన పేర ఉన్న క్వార్టరు పోకూడదు. దెబ్బలు మాత్రం ఆగాలి. గృహహింస మీద వచ్చిన కొత్త చట్టంలో దానికి దారి ఉందని, జైలు లేకుండానే, చెయ్యి ఎత్తొద్దని, ఇంట్లోంచి వెళ్లగొట్టొద్దని కోర్టు రాసిస్తుందని వకీలమ్మ నచ్చజెప్పింది.

"కాయితం జూసి ఆగుతడా మేడం? కూతకైతె ఆగుతడు, డ్యూటీకి లేటయితదని," అంది అక్క.

"అట్లయితె ఆ కూతనే ఇంట్ల పెట్టిచ్చుకుందాం తియ్యి," అంది చిన్నమ్మ, అందరం నవ్వాం, అక్క కూడా.

నోటీసుల విషయంలో మాకొక పద్ధతి ఉండేది. చిరునామా ఇంటిది కాక బాయిది ఇచ్చేవాళ్లం. షిఫ్టులో ఉండగా భర్తకు అందితే, అతను పైకి వచ్చేలోగా భార్య పిల్లలతో తల్లిగారింటికి చేరుకునేది. అక్క అర్జీ కూడా బాయి చిరునామాతోనే కోర్టులో వేశాం, నోటీసు అందే రోజు ఆమె రామగిరి వైపున్న వాళ్ల అమ్మ ఊరికి పోవాలనుకున్నాం.

ఇంతలో తెలంగాణ కోసం సకల జనుల సమ్మె వచ్చింది. బాయిలు ఆగాయి, బస్సులు ఆగాయి, వకీళ్లు కోర్టు ముందే టెంటు వేసుకుని కూర్చున్నారు. మా వకీలమ్మ కూడా అక్కడే ఉంది, ఉండాల్సిందే, మేమంతా కోరుకున్నదే అది, నేనూ గొంతు పోయేలా నినాదాలు ఇచ్చాను. బొగ్గు లేక కరెంటు కోతలు పెరిగాయి, గిర్ని తిరగడం మానేసింది. మగవాళ్లు ఏ వేళకు ఇంట్లో ఉంటారో, ఏ వేళకు ఉండరో తెలిసే దారి పోయింది. గేటు దగ్గర పలకరిస్తే అక్క ఒక్కమాటే అంది: "డ్యూటీ ఉంటె ఎప్పుడొస్తడో ఎరుకుండె తమ్మీ. ఇప్పుడు తెల్వది."

బాయి బంద్ అయింది కాబట్టి బాయికి పోయే నోటీసు కూడా ఆగిపోయినట్టే అనుకున్నాం. మా అందరికీ అంత సహజంగా తోచిన ఆలోచన అది. పోలీసులకు మాత్రం సమ్మె లేదు. నోటీసు తెచ్చిన కానిస్టేబులుకు బాయి గేటు దగ్గర ఎవరూ కనబడలేదు, పక్కనే సమ్మె టెంటులో అందరూ కనబడ్డారు. అక్కడ నిలబడి బావ పేరు పిలిచాడు. ఎవరో కాగితం అందుకుని పైకే చదివారు. "ఏందన్నా, మనం ఈడ రాష్ట్రం అడుగుతుంటె, వదిన నీ ఇంట్లనే వేరే రాష్ట్రం అడుగుతుందా?" అని ఒకడు అన్నాడు. టెంటు టెంటంతా నవ్విందట. బావ కూడా నవ్వాడట.

అప్పుడు అక్క ఇంట్లోనే బియ్యం ఏరుతోంది. ఆ మధ్యాహ్నం మా అమ్మ రేడియో పెట్టబోతే కరెంటు లేదు. నేను షాపు నుంచి వచ్చేసరికి అక్కను దవాఖానకు తీసుకుపోయారు. నల్లా దగ్గర జారిపడ్డానని అక్క డాక్టరుతో చెప్పింది. చిన్నమ్మ మంచం పక్కన కూర్చుని ఎన్ని విధాల అడిగినా, మళ్లీ ఆ మాటే చెప్పింది.

సమ్మె ముగిసింది, కోర్టు తెరుచుకుంది. వాయిదా నాడు కుడిచేతికి భుజం దాకా పట్టీతో వచ్చి, తనకు ఏ ఫిర్యాదూ లేదని అక్క చెప్పింది. బయట చెట్టు కింద అక్కా వకీలమ్మా ఒకే సీసాలో నీళ్లు తాగడం చూశాను. ఆ తర్వాతి బుధవారాల్లో గిర్ని మళ్లీ తిరిగింది గానీ డబ్బాలతో వచ్చినవాళ్లు పిండి పట్టించుకుని వెళ్లిపోయేవారు, మా గది వైపు తిరిగేవారు కాదు. కొన్నాళ్లు చూసి మేమూ మూసేశాం. రాష్ట్రం వచ్చిన రోజు బావను భుజాల మీద ఎక్కించుకుని కాలనీ అంతా తిప్పారు, ఆ ఊరేగింపులో నేనూ ఉన్నాను, ఆ సంతోషం కూడా అబద్ధం కాదు.

ఇప్పుడు చాలా మారాయి. ఫోను చేస్తే పలికే నంబర్లున్నాయి, ఆడవాళ్ల కోసం కేంద్రాలున్నాయి, గోడల మీద పోస్టర్లున్నాయి. బాయిలు కొన్ని మూతపడ్డాయి. బావ మెడికల్ అన్‌ఫిట్ అయి, తన ఉద్యోగం కొడుకుకు ఇప్పించి, పొద్దంతా ఇంట్లోనే ఉంటున్నాడు. ఇన్వర్టరు బిగించి వస్తుంటే అక్క వాకిట్లో దండెం మీద బట్టలు ఆరేస్తూ కనబడింది, ఎడమచేత్తోనే. నన్ను చూసి కుడిచెయ్యి ఊపబోయింది.

అది తొంభై డిగ్రీల దగ్గర ఆగిపోతుంది.