మాస్కు చాటున చేసిన పని

జువ్వలదిన్నె హార్బర్ దగ్గర నాకు వెల్డింగ్ షెడ్డు ఉంది. సింగపూర్ ఉద్యోగం కోసం మా బావమరిది శీనయ్యకు గూడూరులో వెల్డింగ్ టెస్టు పెట్టారు. అతనికి పని సరిగా రాదు.

"ఇప్పుడు నేర్చుకునేదానికి టైం యాడుంది? నువ్వే చేసిపెట్టు బావా" అన్నాడు.

మాస్కు దించుకుంటే ముఖం కనిపించదు. తోడుగా వెళ్లిన నేనే అతని చోట కూర్చుని ఇనుప ముక్కలు అతికించాను. శీనయ్య పాసయ్యాడు.

సింగపూర్‌లో పనిలో చేరిన రోజే మళ్లీ వెల్డింగ్ చేయించి చూసి, వెనక్కి పంపేశారు.

హార్బర్‌లో వలలు కుట్టేవాళ్లు "ఏం శీనయ్యా, అప్పుడే సింగపూరంతా చూసేసినావా?" అని ఎగతాళి చేస్తుంటే, వాళ్లతోపాటు నేనూ నవ్వాను. శీనయ్య నా వైపు చూశాడు గానీ నా పేరు చెప్పలేదు.

ఆ చూపును మరిచిపోలేకున్నాను. ఆ టెస్టు చేసింది నేనే. షెడ్డులో పక్కన కూర్చోబెట్టుకుని నేర్పి ఉంటే, అతను తన చేత్తోనే పాసయ్యేవాడు.