స్నానాల గది తలుపు మీద ఓడ

మొన్న తెల్లవారుజామున వదిన పోయింది. పొద్దుటి షిఫ్టు దిగి ఇంటికొచ్చాక కబురు తెలిసింది. బట్టలైనా మార్చుకోకుండా గోపాలపట్నం బస్సెక్కి, దారంతా నిలబడే వెళ్లాను. ఏడుపు రాలేదు. ఏడవడానికైనా ఒంట్లో ఓపిక ఉండాలి కదా.

ఆమె నాకు సొంత వదిన కాదు. డెబ్బైల్లో విశాఖలో బొమ్మలు వేసే పిచ్చి పట్టిన ఐదారుగురం ఒక బృందంగా తిరిగేవాళ్లం. మాలో పెద్దవాడిని అన్నయ్య అనేవాళ్లం గనుక ఆయన భార్య మా అందరికీ వదిన. కాన్వాసు కొనే స్థోమత లేదు. పోర్టులో యంత్రాలు దిగిన పెట్టెల చెక్కలు తెచ్చుకుని, వాటి మీద ఓడలకు వేసే రంగులతో వేసేవాళ్లం. కొనేవారు లేరు. ఇళ్లలో చీవాట్లు పడలేక అన్నీ పట్టుకెళ్లి వదిన పెరట్లో పెట్టేవాళ్లం.

"ఏటి బాబూ, ఊళ్లో సముద్రం సాలనట్టు తలో సముద్రం తెచ్చి నా పెరట్లో పెడతన్నారు?" అనేది. అంటూనే టీ పెట్టేది. అన్నం తినకుండా లేస్తే, "బొమ్మలెండితే సాలు, మీరెండక్కర్లేదు, కూకోండి" అని కంచాలు వేసేది.

ఆమె దేన్నీ ఊరికే పడి ఉండనిచ్చేది కాదు. నేను వేసిన చేపల బజారు బియ్యం డబ్బాకి మూతైంది. ఇంకొకడి క్రేన్లు జల్లు కొట్టే కిటికీకి అడ్డమయ్యాయి. అన్నయ్య వేసినవాటిలో అన్నిటికన్నా పెద్దది, యారాడ కొండ పక్క నుంచి ఓడ రేవులోకి వస్తున్న బొమ్మ, పెరట్లో స్నానాల గదికి తలుపైంది. అంతకుముందు అక్కడ పాత చీర వేలాడేది. చుట్టూ నాలుగు వాటాల జనం, ఎదిగొస్తున్న కూతురు. వదినకు ఆ తలుపు ఎంత అవసరమో మాకెవరికీ పట్టలేదు.

ఎనభైల మొదట్లో, పదేళ్లుగా వేసినవన్నీ ఒకచోట పెట్టి చూపించాలనుకున్నాం. అప్పటికి కొందరం స్టీలు ప్లాంటు పనుల్లో కుదిరిపోయాం, అందరం అలిసిపోయాం. ఇదే ఆఖరుదని పైకి ఎవరూ అనలేదు. వదిన ఇంట్లోంచి బొమ్మలన్నీ ఊడదీసి రిక్షాల మీద వేసుకెళ్లాం. స్నానాల గదికి ఆమె మళ్లీ చీర కట్టుకుంది. "ఎప్పుడు తెత్తారు?" అని మాత్రం అడిగింది. "నాలుగు రోజులే వదినా" అన్నాం.

ప్రారంభానికి ఒక పెద్ద ఆఫీసు నుంచి అధికారి వచ్చారు. దండలు, ఉపన్యాసాలు అయ్యాక హాలంతా తిరిగి, అన్నయ్య ఓడ ముందు ఆగారు. "దీన్ని మా హాల్లో పెట్టుకుంటాం" అన్నారు. మా బొమ్మని ఒకరు కావాలనడం అదే మొదలు. అన్నయ్య కళ్లలో నీళ్లు తిరిగాయి. సరేనని నోరు తెరవబోయాడు.

వదిన ఎప్పుడొచ్చిందో మేం చూడనే లేదు. ముందుకొచ్చి కొంగు ముడి విప్పి, అధికారి ఎదుట అరచెయ్యి చాపింది. అందులో రెండు మడతబందులు, కాసిన్ని మరలు ఉన్నాయి.

"ఇది మా తానాల గది తలుపండి బాబుగారూ. మీరట్టుకుపోతే ఇవి దేనికి బిగించుకోమంటారు? పిల్ల ఎదిగినాది."

ఎవరో నవ్వారు. అధికారి నవ్వలేదు. "ఇంకో తలుపు చేయిస్తామమ్మా" అన్నారు.

"సేయిత్తానని ఈయన కూడా సానా ఏళ్లు సెప్పినాడండి. ఇని ఇని నాను అలిసిపోనాను."

ఆయన ఓడని వదిలేసి వేరే మూడు బొమ్మలు తీసుకెళ్లారు. వాటితో పాటు నా బియ్యం డబ్బా మూతకీ ఆ యోగం పట్టింది. అన్నయ్యే తలుపుని రిక్షాలో ఇంటికి తెచ్చి బిగించాడు గానీ, చాన్నాళ్లు వదినతో సరిగ్గా మాట్లాడలేదు. తర్వాత నేనెప్పుడు వెళ్లినా పెరట్లోకి ఉత్త చెక్కే కనపడేది. బొమ్మని లోపలికి తిప్పేశారు. ఆమెకు మా బొమ్మలంటే అంత విసుగు పుట్టిందా అని మనసు చివుక్కుమనేది. అడగలేదు. ఆ ఆఫీసు కొత్త భవనంలోకి మారాక మా మూడు బొమ్మలూ ఏమయ్యాయో చెప్పేవాళ్లు లేరు. ఒకసారి వెళ్లి చూశాను. గోడకి కేలండరు ఉంది.

మొన్న శ్మశానం నుంచి తిరిగొచ్చేసరికి చీకటి పడుతోంది. ఒక్కొక్కరం స్నానానికి వెళ్తున్నాం. నా వంతు వచ్చినప్పుడు వదిన కూతురు తువ్వాలు ఇచ్చి, "గడియ కొంచెం పైకెత్తి ఎయ్యాల బాబాయ్" అంది.

ఆ గదిలోకి వెళ్లడం అదే మొదటిసారి. గడియ వేసి తలుపు మీది బొమ్మ చూస్తే, నీళ్లు తగిలి తగిలి కింద సముద్రం చాలా వరకు పోయింది. ఓడ మాత్రం నిన్న వేసినట్టుంది. బయటైతే ఎండకి, పోర్టు ఎర్రదుమ్ముకి ఎప్పుడో పోయేది. నీళ్ల తొట్టి పక్కన వదిన పీట ఉంది. దాని మీద కూచుంటే ఓడ సరిగ్గా కళ్లకెదురుగా వచ్చింది. ఎవరూ పిలవని ఆ కాసేపూ ఆమె రోజూ దీన్ని చూసుకుంది. అప్పుడు ఏడ్చాను.

బయటికొచ్చి, "వదిన..." అన్నాను. "బొమ్మని లోపలికి తనే తిప్పించింది" అన్నాడు అన్నయ్య.

ఆఖరున ఆయన స్నానానికి వెళ్లాడు. గడియ పడింది. చాలాసేపటిదాకా నీళ్ల చప్పుడు వినపడలేదు.