మామ్మగారి చివరి అలంకరణ

బతికున్న మనిషిని చనిపోయిందని చాటి, వీధి వీధంతా ఏడిపించిన ఘనత మలికిపురం చుట్టుపక్కల నాకొక్కదానికే ఉంది. గుండె చిక్కబట్టుకుని వినండి. మబ్బు పట్టిన మధ్యాహ్నాల్లో అయితే నేనే ఈ సంగతి తలుచుకోను.

అప్పుడు నేను పదో తరగతి. కంప్యూటర్ గదిలోకి చెప్పులు విప్పి వెళ్ళే రోజులు. ఏ పిల్ల ఏ ఉద్యోగానికి పనికొస్తుందో తేల్చే పరీక్ష పెట్టడానికి హైదరాబాదు నుంచి ఒక మేడమ్ మా బడికి వచ్చారు. కిటికీలకు నల్ల పరదాలు. తెర వెలుగు పడి మేడమ్ ముఖం నీళ్ళ అడుగునుంచి చూస్తున్నట్టు నీలంగా ఉంది.

"ఒంటరిగా ఉండగలవా?"

"ఆయ్."

"చుట్టూ అందరూ ఏడుస్తుంటే నిబ్బరంగా ఉంటావా?"

"ఆయ్."

"రక్తం చూసి తట్టుకోగలవా?"

"ఆయ్!"

మా వైపు పెద్దవాళ్ళు మాట్లాడుతుంటే ఆయ్ అనడం మర్యాద. వింటున్నామని అర్థం, అంతే. ఆవిడేమో ప్రతిదానికీ అవునని నొక్కేశారు. చివరికి ఆ కంప్యూటర్ పెట్టె లోపల ఏదో గురకలా గరగరలాడింది. మేడమ్ తెర చదివారు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చదివారు.

"చనిపోయినవాళ్ళకు చివరి అలంకరణ చేసే వృత్తట. విదేశాల్లో ఉంటుందిలే. నీకు సరిగ్గా సరిపోతుందంటోంది."

పక్కనున్న నా స్నేహితురాలు సుజాత బెంచీ చివరికి జరిగిపోయింది. "నేను చోటు మారతానండీ టీచరుగారూ," అంది గుమ్మంలో ఉన్న మా టీచరుతో.

బ్యాంకులో ఫ్యాను కింద కూర్చోవాలని కలలు కన్నదాన్ని. నాకే తెలియని నా లోపలి సంగతి ఆ గాజు తెరకు ఎలా తెలిసిందా అని దాని వంకే తిరిగి తిరిగి చూశాను. ఇంటికి వెళ్తుంటే కొబ్బరితోటలో ఆకు కదల్లేదు. రోజూ నా మీదకు మొరిగే కాలవగట్టు కుక్క ఆ రోజు నన్ను చూసి, తోక ముడుచుకుని, తప్పుకుని దారిచ్చింది. రాత్రి అన్నం కలుపుతుంటే నా చేతులు ఎవరివో అన్నట్టు కనిపించాయి.

మర్నాడు ఆదివారం. పక్కింటి మహాలక్ష్మి మామ్మగారు జ్వరంతో మంచం పట్టారని, అమ్మ నన్ను కొబ్బరినీళ్ళిచ్చి పంపింది. మబ్బులు కమ్మి పట్టపగలే దీపం పెట్టుకునేలా ఉంది. ఆవిడ కోడలు సీతారత్నం అత్తయ్యగారు పెరట్లో బట్టలు తీస్తున్నారు. ఇంట్లో చప్పుడు లేదు.

"మామ్మగారూ!"

పలకలేదు. నోరు తెరిచి ఉంది. చెయ్యి పట్టుకుంటే మంచు ముక్క.

ఎవరైనా ఏం చేస్తారు? అరుస్తారు. నాకు అరుపు రాలేదు. భయం కూడా వెయ్యలేదు. భయం వెయ్యనందుకే అసలు భయం వేసింది. ఆ పెట్టె చెప్పింది నిజమే! చేతులు వాటంతటవే దువ్వెన అందుకున్నాయి. తల దువ్వాను. సంక్రాంతికి గోడకు సున్నం కొట్టినట్టు ముఖానికి పౌడరు పట్టించాను. దేవుడి దగ్గరి కనకాంబరాలు తెచ్చి తురిమాను. ఆవిడ భర్త పోయినప్పటి నుంచి నుదురు బోసిగానే ఉండేది. ఇక చివరిసారే కదా అని ఎర్రటి బొట్టు కూడా పెట్టేశాను.

తరవాత పెరట్లోకి వెళ్ళి చెప్పాను. "అత్తయ్యగారూ, మామ్మగారు పోయేరండీ. మీరేం కంగారు పడకండి. తయారు చేసేసేను."

అత్తయ్యగారి చేతుల్లో బట్టలు జారిపోయాయి. ఆవిడ పెట్టిన కేకకు వీధంతా వచ్చి మంచం చుట్టూ మూగి ఏడుపు అందుకుంది.

"ఎంత కళగా ఉన్నారండీ!" అని ఒకావిడ ముక్కు చీదింది.

"పాడె కట్టడానికి వెదుళ్ళకి కబురెట్టండి," అన్నారు ఎదురింటి సత్తిబాబు మావయ్యగారు కళ్ళు తుడుచుకుంటూ.

నేను మాత్రం కొత్తగా ఉద్యోగంలో చేరినదానిలా తలవైపు నిటారుగా నిలబడ్డాను.

అప్పుడు ఆ తెల్లటి ముఖంలో కళ్ళు తెరుచుకున్నాయి.

"ఎవరే పోయింది?"

ఏడుపు కత్తితో కోసినట్టు ఆగింది. మాత్ర వేసుకుని మొద్దు నిద్ర పోయారని, జ్వరం దిగి చెమటకు ఒళ్ళు చల్లబడిందని తరవాత తెలిసింది. ఆ క్షణాన మాకు తెలిసిందల్లా, శవం మెల్లగా లేచి కూర్చుంటోందని. అందరికంటే ముందు పరుగెత్తిన సత్తిబాబు మావయ్యగారు గుమ్మంలో ఇరుక్కున్నారు. మిగతా వీధి ఆయన్ని తోసుకుంటూ వాకిట్లో పడింది. నేను మాత్రం దువ్వెన పట్టుకుని తలవైపే ఉండిపోయాను.

"అద్దం ఇలా పట్రా."

ఇచ్చాను. మామ్మగారు చూసుకున్నారు. చాలాసేపు అలా చూసుకుంటూనే ఉన్నారు. అత్తయ్యగారు తేరుకుని, "అయ్యయ్యో, బొట్టెట్టేసిందండీ! తుడిచేస్తానుండండి," అంటూ చెంగు పట్టుకుని వచ్చారు. మామ్మగారు చెయ్యి అడ్డం పెట్టారు.

"ఓ పక్కకి పోయిందే పిల్లా. మధ్యకి పెట్టు," అన్నారు నాతో. తరవాత గుమ్మంలోంచి తొంగి చూస్తున్న తలకాయల వైపు తిరిగారు. "మీరు కాసేపాగి ఏడుద్దురు గాని."

బొట్టు సరిదిద్దుతూ మనసులోనే ఒట్టు పెట్టుకున్నాను. ఈ జన్మలో ఎవరి చావునూ నా నోటితో చెప్పను. పెద్దాసుపత్రి డాక్టరుగారు చెప్పినా సరే, ఆ మనిషి చెవి దగ్గరకు వెళ్ళి, "పోయేరాండీ?" అని మర్యాదగా అడుగుతాను. జవాబు రాకపోతే, గిల్లి మళ్ళీ అడుగుతాను.