జింకగడ్డికి పెట్టిన పరీక్ష

ఎండుగడ్డి వాసన, మాంసపు రసం ఉడికే వాసన ఎక్కడైనా కలిసి ముక్కుకు తగిలితే చాలు, సనోబర్‌కు సమర్‌కండ్‌లోని ఆ పాత ప్రయోగశాల గుర్తొస్తుంది. అప్పటికి ఆమెకు పాతికేళ్లు కూడా లేవు.

గాజుపళ్లేల్లో గడ్డకట్టిన మాంసపు రసం మీద చీము పట్టించే క్రిములను పరిచేవారు. మధ్యలో చిన్న గుంట చేసి, కొండమొక్కల కషాయం పోసేవారు. మందులో సత్తా ఉంటే మర్నాటికి గుంట చుట్టూ క్రిములు లేని తేటవలయం ఏర్పడేది. ఒక పళ్లెంలో మాత్రం, పోల్చి చూసుకోవడానికి, ఉత్త నీళ్లు పోసేవారు.

ఆ వసంతంలో సనోబర్ తన గురువు రాబియా దొమ్లాను బతిమాలి జింకగడ్డిని పరీక్షకు పెట్టించుకుంది. బాయ్‌సున్ కొండల్లో ఆమె అమ్మమ్మ ఊరందరి గాయాలూ ఆ గడ్డి మరిగించిన నీళ్లతోనే కడిగేది.

"వలయం రాకపోతే జాబితాలోంచి పేరు కొట్టిపారేస్తాను. తర్వాత నా చుట్టూ తిరగొద్దు," అంది దొమ్లా.

అమ్మమ్మ మాట నెగ్గాలని సనోబర్ ఆ రోజు అన్నం కూడా సరిగ్గా తినలేదు.

మర్నాడు మూతలు తీసి కేకేసింది. "దొమ్లా! పళ్లెం పళ్లెమంతా తేటగా ఉంది!"

"ఇది జింకగడ్డి కాదే, సింహగడ్డి!" దొమ్లా కళ్లద్దాలు సర్దుకుంది. "ఏదీ, ఆ నీళ్ల పళ్లెం ఇటియ్యి."

అదీ అద్దంలా మెరుస్తోంది.

"ఉత్త నీళ్లు కూడా మందేనా అమ్మాయ్?"

సనోబర్ ముఖం వాడిపోయింది. అప్పుడు తెలిసింది ఇద్దరికీ, గదిలో ఇంకా ఎండు ఇసిరిక్ ఆకుల పొగ వాసన వేస్తోందని. ప్రయోగశాల ఊడ్చే బీబీసారా గుమ్మంలో నిలబడి ఉంది.

"పొగ వేశావా, బీబీసారా?"

"వెయ్యనా మరి? పిల్ల కొత్త పని మొదలెట్టింది, దిష్టి తగలదూ? ఒక్కో మూతా తీసి మరీ పట్టించాను!"

దొమ్లా పొట్ట పట్టుకుని నవ్వింది. "పసిపిల్లలకి పట్టించినట్టు క్రిములకి పట్టించావా తల్లీ! అన్నీ ఆ పొగకే చచ్చాయి. సనోబర్, మళ్లీ మొదలెట్టు."

ఈసారి బీబీసారాయే తలుపు దగ్గర కాపలా కూర్చుంది. పళ్లేలు తెరిస్తే క్రిములు గుంటల అంచుదాకా ఒత్తుగా పెరిగి ఉన్నాయి. నీళ్ల పళ్లానికీ కషాయం పళ్లానికీ తేడా లేదు.

"పోనీ, కాస్త పొగ..." బీబీసారా గొణిగింది.

"వద్దు పిన్నీ," అని సనోబర్ తన చేత్తోనే జాబితాలో జింకగడ్డి పేరు కొట్టేసింది.

ఆ ఎండాకాలం ఊరికి వెళ్లినప్పుడు గడ్డి ఓడిన మాట అమ్మమ్మకు చెప్పడం రోజుకో వంకతో వాయిదా వేసింది. చివరికి చెప్పింది. పక్కింటి మేక కాలి పుండు కడుగుతున్న అమ్మమ్మ తలైనా ఎత్తలేదు.

"మీ పట్నం పురుగులు మొండివి. నువ్వా కాలు కదలకుండా పట్టుకో."

సనోబర్ కాలు పట్టుకుంది. గోరువెచ్చని గడ్డినీళ్లు ఆమె వేళ్ల సందుల్లోంచి కారుతున్నాయి. అమ్మమ్మ మేకను తిడుతూనే ఉంది.